కడిగిన బురద

ఆ రోజు పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఆటో వస్తుంది. స్ఫూర్తి రెండు బకెట్లతో కాలేజీకి వెళుతుంది. రెండింటికి పరీక్షాధికారి ముందు నిలబడుతుంది, ఎం.టెక్ చేతికొస్తుంది. ఇందులో చెడిపోవడానికి ఏముందని అడిగితే స్ఫూర్తి తల్లి కౌసల్య పది సంగతులు చెప్పగలదు. ఆటో బోల్తా పడొచ్చు. పిల్ల కళ్లు తిరిగి పడొచ్చు. అన్నిటికన్నా ముందు ఆ బకెట్లే పిల్లను పొట్టన పెట్టుకోవచ్చు.

బకెట్లలో ఉన్నది మురుగునీటిని శుద్ధి చేసేచోట అడుగున మిగిలే బురద. దాన్ని పొయ్యిలో వేడిచేసి, పొడి కొట్టి ఉంచింది స్ఫూర్తి.

"ఎర్ర మూతది కడగనిది. దాంట్ల సీసం, కాడ్మియం, జింక్ ఉన్నయ్. నీలం మూతది నిమ్మ ఉప్పు నీళ్లల్ల నానబెట్టి కడిగిన. లోహాలన్నీ నీళ్లల్లకు దిగినయ్. ఇగ అది చేనుకు ఎరువే. నలభై రోజుల కష్టం అమ్మా, జర పైలం."

"బియ్యం కడిగితే మట్టి పోతది. మట్టిని కడిగేటోళ్లను నిన్నే చూసిన బిడ్డా!"

స్ఫూర్తి నవ్వి, బైండింగ్‌కి ఇచ్చిన రిపోర్టు తెచ్చుకోవడానికి యూసుఫ్‌గూడ చౌరస్తాకు వెళ్లింది.

ఏడో తరగతితో చదువాగిన కౌసల్యకు ఆ మాటల్లో అర్థమైంది సీసం ఒక్కటే. సీసమంటే విషం. ఆ విషం గాలిలో లేచి అన్నం గిన్నెలో పడుతుందని, రెండు బకెట్లనూ మోసుకెళ్లి బయట మెట్ల మీద పెట్టింది. చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది. అప్పటికి గాని గుండె కుదుటపడలేదు.

ఆమె భర్త భిక్షం సినిమా సెట్లకు సామాను చేరవేసే వ్యాను నడుపుతాడు. మెట్ల మీద ఏముంటే అది సెట్‌కు పోయే సామానే. పదిహేనేళ్లుగా ఆ ఇంటి ఆచారమది. ఆ రోజు కుస్తీ సీనుకు నర్సరీవాళ్లు నల్లమట్టి తెచ్చిపెడతామన్నారు. మెట్ల మీద రెండు బకెట్లున్నాయి. అడగాల్సిన పనేముంది? ఎక్కించుకుని పోయాడు.

పావుగంటకు నర్సరీ మనిషి అసలు నల్లమట్టి తెచ్చి దించాడు. కౌసల్య మెట్ల వంక చూసింది. బకెట్లు లేవు.

"ఓయమ్మో! ఎవల కొడుకును చంపుతడో ఏమో!"

ఫోన్ చేస్తే భిక్షం ఎత్తలేదు. షాట్ జరిగేచోట ఫోన్లు కట్టేయాలి. కౌసల్య ఆటో ఎక్కి, దారిలోనే కూతురికి ఫోన్లో చెప్పి, జూబ్లీ హిల్స్‌లో నిర్మాత సూర్యప్రకాశరావు ఇంటికి చేరింది. ఆయన కొడుకు నిఖిల్ హీరోగా మొదటి సినిమా. ఇంటి ముందు పచ్చికలోనే మొదటి షాట్.

ఆమె వెళ్లేసరికి ఆ పొడిని నీళ్లతో కలిపి పూసేశారు, నిఖిల్ నల్లటి విగ్రహంలా నిలబడి ఉన్నాడు. ముఖం మేకప్ మీద, వీపు మీద, చేతుల మీద, కాళ్ల మీద బురదే. "ఎంత మెత్తగా ఉందో మమ్మీ!" అని తల్లికి చెబుతున్నాడు.

"బాబూ, కడుక్కో! అది విషం!" అని కౌసల్య కేక పెట్టింది.

నిఖిల్ తల్లి రాజ్యలక్ష్మి కుర్చీలోంచి లేచింది. "విషమేంటండీ? ఏం పూశారు మా వాడికి?"

"సీసమమ్మా. మా ఆయనది తప్పు లేదు, తప్పు నాదే."

ఆ తర్వాత ఆమె మాట ఎవరికి కావాలి? తోటకు నీళ్లు పట్టే పైపు వచ్చింది. నీళ్లు నిఖిల్ కాళ్ల మీది బురద కడిగాయో లేదో, గేటులోంచి స్ఫూర్తి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, అది నీలం మూతది! కడిగిందే! ఎర్రది ఇంకా వ్యాన్లనే ఉంది, ఇప్పుడే చూసిన!"

"వాసనొస్తుందని దాని మూత తియ్యలే," అన్నాడు భిక్షం.

నీలం బకెట్ మాత్రం ఖాళీ. ఉన్నదంతా నిఖిల్ ఒంటి మీదే ఉంది. రెండింటికి చూపించాల్సింది కాలువలో కలిసిపోతోంది. కౌసల్య పైపుకు అడ్డంగా నిలబడింది. "ఆపుండ్రి! బాబును కడగకుండ్రి!"

"ఇప్పుడే కదండీ కడగమన్నారు?"

"అప్పుడు విషమమ్మా. ఇప్పుడు నా బిడ్డ పరీక్ష!"

"అసలేంటండీ ఈ మట్టి?" అంది రాజ్యలక్ష్మి. స్ఫూర్తికి అబద్ధం చేతకాదు. "మురుగుబురద ఆంటీ. శుభ్రం చేసిందే."

"మురుగా! ఎవరి మురుగు?"

"జూబ్లీ హిల్స్‌దే."

రాజ్యలక్ష్మి ఒక్క క్షణం ఆలోచించింది. "పోనీలే, మన వాళ్లదే," అంది.

నిఖిల్‌కు ఇదంతా సినిమా కన్నా సరదాగా ఉంది. కదలకుండా నిలబడ్డాడు. అతని వీపు మీది బురదను స్ఫూర్తి గీకి ఒక కవర్లో, బుగ్గల మీది బురదను కౌసల్య చెంచాతో గీకి మరో కవర్లో పోశారు. "నొప్పైతే చెప్పు నాయినా," అని కౌసల్య గీకుతున్నంతసేపూ అంటూనే ఉంది. నిఖిల్ ముఖం తుడుచుకున్న తువ్వాలు భుజాన వేసుకునే కారు తీసి, ఎర్ర బకెట్‌తో సహా ఇద్దరినీ కాలేజీలో దింపి, తనూ లోపలికొచ్చాడు.

పరీక్షాధికారి ఓంప్రకాష్ లోహాలు కొలిచే పిస్తోలు లాంటి మీటర్‌ను ముందు ఎర్ర బకెట్ మీద, తర్వాత కౌసల్య కవర్ మీద పెట్టాడు. కనుబొమలు ముడిచాడు.

"జింక్ ఇంతుంది. ఇది కడగని దానికన్నా ఎక్కువ! ఏం కడిగావమ్మా నువ్వు?"

బిడ్డ చదువు తన చెంచాతోనే పోయిందనుకుంది కౌసల్య.

"సార్, ఈ రెండోది చూడండి," అని స్ఫూర్తి తన కవర్ జరిపింది. సీసం లేదు. కాడ్మియం లేదు. జింక్ నామమాత్రం.

"బకెట్ ఒకటే కదా, తేడా ఎందుకొచ్చింది?"

"అది ముఖం సార్, ఇది వీపు. ముఖానికి మేకప్ ఉంది."

ఓంప్రకాష్ నిఖిల్ భుజం మీది తువ్వాలు అడిగి తీసుకుని దాని మీద మీటర్ పెట్టాడు. అంకె ఎగిరి కూర్చుంది. పౌడర్‌లో జింక్ ఉంటుందని మేకప్‌మన్‌కు తెలుసో తెలియదో గాని, మీటర్‌కు తెలుసు. కౌసల్య అంతగా భయపడ్డ విషం బురద నుంచి హీరోకు ఎక్కలేదు. హీరో నుంచే బురదకు ఎక్కింది.

స్ఫూర్తి పాసైంది. రిపోర్టు చివరి పేజీలో ఓంప్రకాష్ తన చేత్తో ఒక సూచన రాసి సంతకం పెట్టాడు: కడిగిన బురద వల్ల ఎవరికీ హాని లేదు, కాకపోతే దాన్ని హీరోలకు దూరంగా ఉంచవలెను.