హ్యాంగ్ నిర్మూలన మహోద్యమం

నీటి సరఫరా శాఖలో ఇక మీదట ఏ కంప్యూటరూ హ్యాంగ్ కాబోదని మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండింటికి ప్రకటించారు. చప్పట్లు ఆగేసరికి పదకొండుంబావు అయింది. శాఖలో ఉన్న కంప్యూటరు ఒక్కటే అయినా, ప్రకటనలో ఎక్కడా పిసినారితనం కనబడలేదు.

ఆ ఒక్కటీ ముప్పై ఐదేళ్ల నాటిది. రోజూ పొద్దున్న ఆరింటికి వెనకున్న సీరియల్ పోర్టులోంచి, లావుపాటి కేబుల్ గుండా, పంపుహౌస్‌కి "మోటారు వెయ్యి" అని సందేశం పంపడమే దాని ఉద్యోగం. అది పంపితేనే గుట్ట మీది నలభై ఇళ్లకు నీళ్లెక్కుతాయి. చేత్తో వేసే స్విచ్ ఒకటి ఉండేది గానీ, ఆధునికీకరణ పేరుతో పోయినేడాది పీకేశారు. నాలుగు రోజులుగా కంప్యూటరు సందేశం మొదలుపెట్టడం, బిగుసుకుపోవడం.

దాన్ని చూసుకునే మెకానిక్‌ని ఆఫీసంతా బాబాయి అంటుంది. ఆయన అక్క ఇల్లు గుట్ట మీదే. అందుచేత ఈ విషయంలో ఆయనకు మంత్రిగారికన్నా కాస్త ఎక్కువ తొందర ఉంది.

"ఒరే తమ్ముడూ, ఈ మోకాళ్లతో బకెట్లు మోసుకుంటూ గుట్టెక్కుతున్నానురా. దాన్ని నువ్వు బాగుచేస్తావా, నన్ను రమ్మంటావా?" అంది అక్క ఫోన్లో.

బాబాయి కేబుల్‌కి మీటరు పెట్టి చూశాడు. గుట్టు తెలిసిపోయింది. కంప్యూటరు ముందుగా "సిద్ధమేనా?" అని అడుగుతుంది. పంపుహౌస్ "సిద్ధం" అనాలి. ఆ జవాబు మోసుకొచ్చే తీగ ప్లగ్గు దగ్గర తెగింది. పాపం, కంప్యూటరు జవాబు కోసం అలా కూర్చునే ఉంది.

"పది నిమిషాల పని సార్. ఒక్క తీగ అతికిస్తే చాలు," అన్నాడు ఆఫీసర్‌తో.

ఆఫీసర్ మొహం మాడిపోయింది. "మంత్రిగారు మహోద్యమం ప్రకటించారయ్యా. పది నిమిషాల్లో అయిపోతే ఆయన తలెక్కడ పెట్టుకోవాలి?"

కమిటీ వేశారు. అది వచ్చేదాకా ఎవరూ తాకకుండా కేబుల్‌కి లక్కతో సీలు కూడా వేశారు.

కమిటీ మూడో రోజుకి వచ్చింది. అధ్యక్షులవారు బాబాయి చెప్పిందంతా విని కళ్లజోడు తీశారు.

"అంటే, ప్రధాన కార్యాలయం అడిగి, పంపుహౌస్ జవాబిచ్చేదాకా ఆగుతుంది. అంతేగా?"

"అంతే సార్."

"ఎంతసేపు?"

"జవాబొచ్చేదాకా సార్."

"ప్రధాన కార్యాలయం? పంపుహౌస్ కోసం?"

గదిలో అందరూ తలలు దించుకున్నారు. ముప్పై ఐదేళ్లుగా ఇంత అవమానం జరుగుతున్నా ఎవరూ పట్టించుకోకపోవడం కమిటీని కలచివేసింది.

"ఆ జవాబేదో ఇక్కడే దొరికే మార్గం లేదా?"

బాబాయికి అడిగినదానికి నిజం చెప్పే అలవాటు. అదే ఆయన కొంప ముంచింది. "ఉంది సార్. పోర్టుని పరీక్షించడానికి ఓ చిన్న ప్లగ్గు పెడతాం. కేబుల్ అక్కర్లేదు. పంపే పిన్నూ, అందుకునే పిన్నూ అందులోనే కలిసిపోయి ఉంటాయి. తనే అడుగుతుంది, తనే జవాబు చెప్పుకుంటుంది. కానీ సార్, మోటారుకి..."

"పెట్టండి," అన్నారు అధ్యక్షులు.

మర్నాడు ఆరింటికి, మంత్రిగారి సమక్షంలో, కంప్యూటరు అడిగింది, తనకు తనే బదులిచ్చుకుంది, "సందేశం అందింది" అని తెర మీద చూపించింది. ఎక్కడా తడబడలేదు. కేబుల్‌ని అనవసర సామాను కింద మోసుకుపోయారు. బాబాయికి ప్రశంసాపత్రం ఇచ్చారు.

"గుట్టకి చుక్క కూడా ఎక్కలేదు సార్," అన్నాడు బాబాయి, ఆఫీసర్ చెవిలో.

"తెర చూడవయ్యా," అన్నాడు ఆఫీసర్.

మంత్రిగారు తెరను మాత్రమే నమ్మే మనిషి కాదు. స్వయంగా ప్రజల్నే అడుగుతానని కెమెరాలతో గుట్టెక్కారు. వెనకే బాబాయీ ఎక్కాడు. మొదటి ఇల్లు అక్కదే. వారం రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ నాలిక చివర పెట్టుకుని, ఖాళీ బకెట్‌తో కొళాయి పక్కనే నిలబడి ఉంది.

"నీళ్లొస్తున్నాయా అమ్మా?" అని మంత్రిగారు ఆప్యాయంగా అడిగారు.

అక్క నోరు తెరిచింది.

"వస్తున్నాయి," అన్నారు మంత్రిగారు కెమెరా వైపు తిరిగి, పక్కింటికి వెళ్లిపోయారు.

"ఏరా, ఆయన అడిగింది నన్నేనా?" అంది అక్క.

బాబాయికి సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆమె చేతిలోంచి బకెట్ అందుకుని, నీళ్ల కోసం గుట్ట దిగడం మొదలుపెట్టాడు.

మంత్రిగారు నలభై ఇళ్లూ తొమ్మిది నిమిషాల్లో పూర్తిచేశారు. ఎక్కడా హ్యాంగ్ కాలేదు.