ముత్యపు రంగు తలుపుపై దండయాత్ర

బాల్కనీల్లో వేలాడే తడి తువ్వాళ్లను జయించి, పార్కింగు షెడ్డు రేకులపై సహస్రకిరణుడు కొలువుదీరిన బుధవారం నాడు, ఉదయం పది గంటల పది నిమిషాల మహాముహూర్తంలో, ఒక కారు తలుపు నిమిత్తంగా చెలరేగిన ఘోరసంగ్రామాన్ని వినండి. వినే తీరిక లేనివారు వెళ్లి తమ కారు తుడుచుకోండి.

ఆ కారు చెల్లెలిది. ముత్యపు రంగు: ఎదురుగా చూస్తే పాలమీగడ, పక్కకు జరిగితే లేత గులాబి. దాన్ని రెండు బకెట్ల నీళ్లతో, పసిబిడ్డ ఒళ్లు తుడిచేంత మెత్తని గుడ్డతో మాత్రమే కడగాలని శాసనం. అక్కగారి కొంగు తగిలినా కేకే. తొమ్మిదేళ్లుగా అక్కతో ఒకే కప్పు కింద పోట్లాడుతూ బతికిన ఆ బ్యాంకు ఉద్యోగిని, మరునాటి వేకువనే ఆ శ్వేతరథంపై బదిలీ అయిన ఊరికి తరలిపోనున్నది. చేరవలసింది సోమవారం. అయినా ముందే వెళ్లి ఇల్లు సర్దుకుంటుందట! ఆ ‘అట’ అక్కగారి గుండెలో బల్లెమై దిగబడి ఉన్నది.

ఇంతలో, డిక్కీలోకి ఎక్కిస్తున్న పెట్టె చక్రం తలుపుపై బొటనవేలంత గీత గీసింది. కబురందుకుని వచ్చిన పెయింటరు దాన్ని గోటితో తడిమి తీర్పిచ్చాడు.

“పైనుండే మెరుపు పొర, క్లియర్ కోటే గీసుకుందమ్మా. పాలిష్ పడితే గంటలో మాయం.”

“విన్నావా అక్కా? పొద్దున్నుంచీ ఒకటే కంగారు నీది.”

“అదే ముత్యం పొర దాకా పోతేనో?” అన్నది అక్క.

“అమ్మో! కింద తెలుపు, దానిమీద ముత్యం, ఆపైన క్లియర్, అన్నీ కొట్టాలి. అక్కడొక్కచోటే కొడితే మచ్చలా తెలిసిపోతుంది. తలుపంతా కొట్టి, పక్క తలుపు మీదికీ రంగు కలపాలి. మూడు రోజులు మా షెడ్డులోనే.”

మూడు రోజులు!

పెయింటరు పాలిష్ మిషను కోసం స్కూటరు దగ్గరికీ, చెల్లెలు ఫోను మోగితే గేటు దగ్గరికీ వెళ్లిన ఆ అయిదు నిమిషాల్లో, మోకాళ్లనొప్పుల మహారాజ్ఞి, సర్వప్రయాణవిరోధిని, వీడ్కోలు అనే మాట వింటేనే బీపీ మాత్ర వెతుక్కునే ఆ ధీరోదాత్త, వంటింట్లోంచి స్టీలు పీచును దూసి తలుపు ముందు నిలిచింది.

“ఓరీ క్లియర్ కోటూ! ఎండావానలను ఎదిరించావేమో గానీ, మాడిన గిన్నెలను గెలిచిన ఈ బాహువును ఎరుగవు! గంటలో మాయమై, నీ వెంట మా చెల్లిని కూడా మాయం చేస్తావా? కాచుకో!” అని మనసులో గర్జించి, బయటికి మాత్రం చిన్నగా దగ్గి, తోమింది. క్లియర్ కూలింది. ముత్యం రాలింది. తెలుపు చీలి, అన్నిటికీ అడుగునున్న బూడిదరంగు ప్రైమరు శరణు శరణంటూ బయటపడింది.

“ఏంటమ్మా ఇది!” పెయింటరు చేతిలోని మిషను జారబోయింది.

“జిడ్డుగా కనబడితేనూ...”

చెల్లెలు పరుగున వచ్చి పీచును చూసింది.

“నువ్వు గిన్నెలే సరిగ్గా తోమవు కదక్కా.” గొంతు తగ్గించింది. “ఉండవే అని నోటితో అడగొచ్చుగా?”

“అడిగితే ఉండేదానివా?”

“ఉండేదాన్ని కాదు.”

“మరి?”

చెల్లెలు నవ్వాపుకోలేక పెయింటరు వైపు తిరిగింది. “ఎప్పటికిస్తారు?”

“శనివారం సాయంత్రం.”

“తొందరేం లేదు బాబూ, బాగా ఆరనివ్వు,” అన్నది అక్క.

“శనివారానికి ఆరిపోతుందమ్మా.”

“ఆదివారం పొద్దున్నే బయల్దేరతాను. ఈలోగా ఆ పీచు నాకివ్వు,” అని చెల్లెలు చెయ్యి చాచింది.

ఈ విధంగా, ఒక తలుపును నేలమట్టం చేసి, గురు శుక్ర శనివారాలనే మూడు మహాసామ్రాజ్యాలను అక్కగారు కైవసం చేసుకున్నారు. లోకులారా, జయజయధ్వానాలు చేయండి! ఆదివారం మాత్రం ఇంకా శత్రువు చేతిలోనే ఉన్నది.