దగ్గర్లో ఆడిటర్ దొరక్కపోవడం వల్ల కలిగే లాభాలు

మీ ఇంటికి దగ్గర్లో ఆడిటర్ ఎవరూ దొరకడం లేదా? అయితే మీరు నక్కతోక తొక్కారన్నమాటే!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. ఆడిటర్ దొరికినవాడి బతుకులో ఏముంది చెప్పండి? వెళ్తాడు, కాగితాలిస్తాడు, సంతకం పెట్టించుకుంటాడు, ఇంటికొచ్చి పడుకుంటాడు. అదీ ఒక బతుకేనా! దొరకనివాడికే లోకం తెలుస్తుంది. నమ్మకపోతే మా అక్క సంగతి వినండి.

అక్కకి టైలరింగ్ షాపు ఉంది. కుట్టుమిషన్లు, ఇస్త్రీ బల్ల, ఆవిడ నోరు, ఈ మూడింటి మీదే అది నడుస్తోంది. ఈ ఏడు పక్కవీధి స్కూలువాళ్ళు యూనిఫాంల ఆర్డరు ఇస్తామన్నారు. ఒకే ఒక్క షరతు పెట్టారు. షాపు లెక్కల మీద సర్టిఫికెట్ ఉన్న ఆడిటర్ సంతకం సోమవారానికల్లా తెచ్చివ్వాలి. తేకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. అది పోతే షాపులో కుట్టే ఇద్దరు ఆడవాళ్ళని మానిపించక తప్పదు. ఆ మాట వాళ్ళతో ఎలా చెప్పాలో తెలియక అక్కకి అన్నం సయించడం మానేసింది.

మరి ఆడిటర్ ఎక్కడున్నాడని ఎవరిని అడగాలి? చేతిలో ఫోను పెట్టుకుని ఇంకొకరిని అడగడమేమిటండీ, నామోషీ కాదూ! "దగ్గర్లో ఆడిటర్" అని కొట్టింది. ఫోను నీలం గీత ఒకటి గీసి చూపించింది. ఆ గీత పట్టుకుని వెళ్తే సందు చివర బ్యూటీ పార్లరు వచ్చింది.

"ఆడిటర్ గారు ఖాళీ చేసి చాలా ఏళ్ళయిందండీ. ఎలాగూ వచ్చారు కదా, కనుబొమలు చేయించుకుని వెళ్ళండి," అంది పార్లరమ్మాయి.

చేయించుకుంది. మా బావ గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది గానీ, ముఖానికి కళ వచ్చిన మాట నిజం. ఆడిటర్ దొరికుంటే ఈ కళ వచ్చేదా?

తరువాత ఒక వెబ్‌సైటు తగిలింది. తెరవగానే ఓ అమ్మాయి బొమ్మ ప్రత్యక్షమై, "మీ అవసరం వ్యక్తిగతమా, వ్యాపారమా?" అంది. అక్క తల పట్టుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, షాపు బట్టలు ఇంట్లో కుడతాను. మీ బావ ప్యాంట్లు షాపులో కుడతాను. ఇది దేనికిందకి వస్తుందిరా?"

నాకేం తెలుసు? రెండూ నొక్కమన్నాను. నంబరు అడిగితే అదీ ఇచ్చింది.

ఇక చూస్కోండి! అంతవరకు అక్కకి ఫోన్ చేసే దిక్కెవరు? సొంత చెల్లెలే పలకరించదు. ఇప్పుడు తెల్లారితే చాలు, లోన్లవాళ్ళు, ఇన్సూరెన్సువాళ్ళు, జిమ్మువాళ్ళు, "ఎలా ఉన్నారు మేడం?" అంటూ ఒకటే ఆప్యాయత! ఒక్క ఆడిటర్ తప్ప అందరూ చేశారు.

ఆఖరికి ఒక పెద్ద కంపెనీ దొరికింది. "మేము మీ లోకల్" అని రాసుకున్నారు గానీ, రెండు బస్సులు మారి వెళ్ళాలి. అద్దాల గదిలో టై కట్టుకున్నాయన చల్లటి మంచినీళ్ళిచ్చి, "మీ వ్యాపారం మరీ చిన్నదండీ, కాస్త పెరిగాక రండి," అన్నాడు.

"పెరగాలంటే ఆర్డరు రావాలి బాబూ. ఆర్డరు రావాలంటే మీ సంతకం కావాలి."

"అందుకే పెరిగాక రమ్మంటున్నాం."

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు! ఇంత వేదాంతం ఈ రోజుల్లో ఉచితంగా ఎవరు బోధిస్తారండీ? తిరుగు బస్సులో మాత్రం అక్కకి ఏడుపొచ్చింది.

శనివారం షాపుకి కుడిజేబాయన వచ్చారు. అక్క ఎవరి పేరూ అడగదు, ఉద్యోగమూ అడగదు. కుట్టే చోటుని బట్టి తనే పేరు పెట్టేస్తుంది. ఒకాయన పొట్టిచేతులు, ఇంకొకావిడ జారుభుజం. ఈ పెద్దాయనకి ఎప్పుడూ ప్యాంటు కుడిజేబే చిరుగుతుంది. ఏళ్ళ తరబడి అక్క దానికి డబల్ కుట్టు వేస్తూనే ఉంది. ఆ రోజు ఒళ్ళు మండి ఉంది కాబట్టి అడిగేసింది.

"ఏం మోస్తారండీ బాబూ ఇందులో, సుత్తా, సమ్మెటా?"

ఆయన తీసి బల్ల మీద పెట్టారు. బరువైన ఇత్తడి ముద్ర. ఆడిటర్ ముద్ర!

"మీ... మీ ఆఫీసెక్కడండీ?"

ఆయన వేలు పైకి చూపించారు. షాపు మీద మేడే!

"బోర్డయినా పెట్టుకోలేదేమండీ?"

"పెట్టానమ్మా. మీరు ఇస్త్రీ బట్టలు తగిలించేది దానికే."

అక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు పరుగెత్తి బట్టలు తీసింది. ఆయన లెక్కలన్నీ ఓపిగ్గా చూసి, నాలుగు చీవాట్లు పెట్టి, సంతకం చేశారు. సోమవారం స్కూలుకి తోడుగా కూడా వచ్చారు.

స్కూలు గుమాస్తా కంప్యూటర్లోంచి తల ఎత్తలేదు. కాగితం మీద పేరు చూసి కొట్టాడు. "ఈయన లేరండీ," అన్నాడు.

"లేకపోవడమేమిటి? మీ ఎదురుగా నిలబడితేనూ!"

"ఒక్క రివ్యూ లేదండీ. స్టార్లు లేవు. దగ్గర్లో ఆడిటర్లు ఎవరూ లేరనే చూపిస్తోంది."

ఆడిటర్ గారు దగ్గారు. ఆ దగ్గుకీ స్టార్లు లేవు కాబోలు, గుమాస్తా పట్టించుకోలేదు.

అక్క మెడలోంచి టేపు లాగింది. ఆయన నడుం చుట్టూ తిప్పి, గదంతా వినబడేలా చదివింది. "నలభై రెండు! లేని మనిషికి ఇంత నడుం ఉంటుందటయ్యా?"

"సైట్లో కూడా ఉండాలి కదండీ."

ఇక లాభం లేదని అక్క పొడుగు కొలవడానికి కిందికి వంగింది. వంగి, గోడకున్న ప్లగ్గు పీకేసింది. పొరపాటున చెయ్యి తగిలిందని ఇప్పటికీ ఒట్టేస్తుంది. కంప్యూటరు నల్లబడింది. గుమాస్తా కళ్ళు నులుముకుని, పొద్దుట్నుంచి మొదటిసారి తల ఎత్తాడు.

"అయ్యయ్యో, మీరా సార్! మా నాన్న లెక్కలన్నీ మీరే కదండీ చూసేది! ఎప్పుడొచ్చారు? కూర్చోండి, కూర్చోండి!"

ఆర్డరు వచ్చింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఈపాటికి కాలర్లు కుడుతూ అక్క మీద జోకులేస్తుంటారు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఆడిటర్ దొరకలేదంటే మీ దగ్గర్లో లేడని కాదు. ప్లగ్గు ఇంకా ఎవరూ పీకలేదన్నమాట!