సానుభూతి విభాగం

మనిషి ప్రాణం కంటే విలువైనది ఈ సృష్టిలో మరొకటి లేదు!

ఈ మాట అన్నది నేను కాదు, మా కంపెనీ. గేటు దగ్గర నిలువెత్తు అక్షరాలతో, లిఫ్టులో అద్దం పక్కన, చివరికి మరుగుదొడ్డి తలుపుకి లోపలివైపు కూడా రాయించింది. దేశంలో సగం ఆసుపత్రులు మావే. మిగతా సగం మీద మా కన్నుంది.

అందులో నాది సానుభూతి విభాగం. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఫోన్ చేసిన రోగుల బంధువుల మీద సానుభూతి చూపడం నా ఉద్యోగం. కాల్‌కి సరిగ్గా మూడుసార్లు చూపాలి. రెండుసార్లు చూపితే మార్కులు కోస్తారు. నాలుగోసారి చూపితే టైము వృథా చేశావని కోస్తారు. ఫోన్లో చుట్టాలు తగిలితే గుర్తుపట్టకూడదన్నది ఇంకో రూలు. రూళ్ళంటే నాకు ప్రాణం. ఆ నెలలో నాకు ప్రమోషన్ రావలసి ఉంది మరి!

ఒక సోమవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"నమస్కారం. మీ బాధ మాకు అర్థమైంది. చెప్పండి."

"నేనింకా ఏమీ చెప్పందే ఎలా అర్థమైందండీ?" అని అవతలి గొంతు ఆగింది. "ఒరేయ్! నువ్వా! నేన్రా, అక్కని!"

పక్క గదిలోంచి మా సూపర్‌వైజరు ఈ కాల్ వింటున్నాడని నా ముందున్న ఎర్రలైటు చెబుతోంది.

"మీ బాధ మాకు అర్థమైంది, మేడమ్. మీ పుట్టిన తేదీ చెప్పగలరా?"

"నీకంటే ఆరేళ్ళు ముందు పుట్టాను, చాలా? బావకి అపెండిక్స్ పగిలిందిరా! నొప్పికి స్పృహ తప్పింది. నీ మాట విని మీ ఆసుపత్రికే తీసుకొచ్చాను. మీ ఆఫీసు అనుమతి వచ్చేదాకా ఆపరేషన్ చెయ్యరట!"

తెర మీద చూశాను. అనుమతి ఆగడానికి కారణం సబబుగానే ఉంది. తాను స్పృహలో లేనని రోగి స్వయంగా ఫోన్లో ధ్రువీకరించలేదు.

"రోగికి ఒకసారి ఫోన్ ఇస్తారా, మేడమ్?"

"స్పృహ లేదంటుంటే!"

"ఆ ముక్క ఆయన నోటితో చెబితే చాలండి."

"నిన్ను చంకనేసుకుని తిప్పాన్రా" అంది అక్క, ఏడుపు గొంతుతో. నాకూ ఏడుపొచ్చింది. కానీ మూడో సానుభూతి ఇంకా మిగిలే ఉంది. "మీ బాధ..." అన్నాను. అక్క ఫోన్ పెట్టేసింది.

హెడ్‌ఫోన్లు విసిరేసి సూపర్‌వైజరు గదిలోకి పరిగెత్తాను.

"సార్, ఆవిడ మా సొంత అక్క! ఏదైనా సహాయం చెయ్యండి సార్!"

"విన్నానయ్యా. గుర్తుపట్టకుండా ఎంత బాగా మాట్లాడావు! కానీ మనది సానుభూతి విభాగం. సహాయ విభాగం ఆరో అంతస్తు."

మెట్లు సగం ఎక్కాక గుర్తొచ్చింది, మా భవనానికి ఉన్నవి ఐదు అంతస్తులేనని.

అక్క ఎవరికోసమూ ఆగలేదు. బావని టాక్సీలో వేసుకుని ప్రభుత్వాసుపత్రికి పోయిందని మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. డ్యూటీ ముగిశాకే వెళ్ళాను. రూలు! సున్నం రాలుతున్న ఆ ఆసుపత్రిలో ఎవరి అనుమతీ అడక్కుండా ఆపరేషన్ చేసేశారు. బావ కళ్ళు తెరిచాడు. అక్క నన్ను చూసి మొహం తిప్పుకుంది.

పక్క మంచం మీద ఒక ముసలావిడ. ఆవిడకి మందు తాగిస్తున్న మనిషి నన్ను చూసి గ్లాసు వదిలేసినంత పని చేశాడు. మా సూపర్‌వైజరు!

నన్ను వరండాలోకి లాక్కెళ్ళాడు. "మా అమ్మయ్యా. నిన్న చేర్పించాను. ఎక్కడా అనకు."

"మన ఆసుపత్రి ఉండగా ఇక్కడేమిటి సార్?"

"అక్కడెలా చేర్పిస్తానయ్యా? కన్నతల్లి!"

మర్నాడు ఉదయం కొత్తగా చేరినవాళ్ళకి ఆయన పాఠం చెప్పాడు. ఆదర్శమైన కాల్ అంటూ నాదే వినిపించాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, "మా అమ్మకి ఒంట్లో బాగాలేకపోతే మన ఆసుపత్రికి తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్ళను!" అని ప్రకటించి నావైపు చూశాడు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

ఆ వారంలోనే ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు నాకు వేరే గది. అక్క ఫోన్ చేస్తే సానుభూతి చూపడానికి నా కింద పన్నెండుమంది ఉన్నారు.

అక్కే చెయ్యడం లేదు.