నల్లకాళ్ల బుగ్గపై ముస్తకీమ్ దండయాత్ర

ఓ బల్బుల కంపెనీల మహాప్రభువులారా! అట్టపెట్టె మీద ఆరువేల గంటల ఆయుష్షును తాటికాయంత అక్షరాలతో అచ్చొత్తించి, ఆ ఆయుష్షును లోలోపల కొరుక్కుతినేది ఏమిటో చీమతలకాయంత అక్షరాలతోనైనా చెప్పని ఘనులారా! మీరు మింగిన ఆ ఒక్క వాక్యం ఒక దర్జీ కళ్లకు ఎంతటి నింద తెచ్చిందో వినండి.

అది ఆషాఢ మేఘమాలా సమాచ్ఛాదిత మార్తాండమైన ఒకానొక మధ్యాహ్నము. మిర్చిఘాటు మహిమాన్వితమగు ఖమ్మం నగరము నుండి భద్రాద్రి అరణ్యాంచలములకు ఉరుకు బస్సులు హారను శంఖములను పూరించు తల్లాడ కూడలిలో, ఎరువుల దుకాణమునకును టీకొట్టునకును నడుమ, కిటికీ అన్న మాట ఎరుగని గుహ ఒకటి కలదు. అందులో నలుబది వత్సరములుగా కత్తెరపాణి, కంఠలంబిత టేపుమాలికాధరుడు, నిక్కరు పైజామా నిర్మాణ ధురంధరుడు అగు ముస్తకీమ్, కుట్టుమిషను రథమునెక్కి గుడ్డల తానులపై జైత్రయాత్రలు సాగించుచుండెను.

ఆ రథం నెత్తిన, వైరుకు వేలాడుతూ, బుగ్గ అని వారు పిలిచే సీఎఫ్‌ఎల్ బల్బు. ఊరంతా ఎల్‌ఈడీలకు మారినా, "ఇంకా చావలే గదా, బతికున్నదాన్ని ఎట్ల పారేస్త?" అని రెండేళ్ల కింద బిగించినదాన్నే అతడు అట్టిపెట్టుకున్నాడు. దాని గాజు గొట్టం కాళ్లు రెండూ మొదళ్ల దగ్గర నల్లబడ్డాయి. పాలలాంటి వెలుగు పలచబడి మజ్జిగతేట అయింది.

మూడు దినముల క్రితం పిడుగులాంటి నింద పడింది. వెంకటప్పయ్య అనే రైతు నేవీ బ్లూ ప్యాంటుకు ముస్తకీమ్ నల్లదారంతో కుట్లు వేశాడు. "నీ కళ్లు పోయాయయ్యా ముస్తకీమూ!" అని ఆయన వేసిన కేక కూడలి మొత్తం విన్నది. పెద్దకొడుకు ఖాలిద్ అందరికన్నా జల్దీ మనిషి. తండ్రి మెడలోని టేపునే తీసుకుని దుకాణం పొడుగూ వెడల్పూ కొలిచి, ఆ టేపును తన జేబులో వేసుకుని తండ్రితో అన్నాడు:

"అబ్బా, శుక్రవారం మిషన్ అమ్మేస్తున్న. సెల్‌ఫోన్ కవర్ల దుకాణానికి కిరాయికి అడుగుతుండ్రు. నువ్వు ఇగ రెస్టు తీసుకో."

రెస్టు! వాడి బాణములు వంద ఒక్కమారుగా గుండెలో దిగినట్లయింది.

"నా కండ్లకు ఏం కాలే. పొర కమ్మింది గా బుగ్గకు!" అన్నాడు ముస్తకీమ్. ఎవరూ నమ్మలేదు. ముసలితనం సాకులు వెతుక్కుంటుందని నవ్వారు.

అంతట, దుస్సహ రోషానల జ్వాలా దందహ్యమాన మానసుడై, ఎడమచేత బూడిదగిన్నెను, కుడిచేత నిమ్మచెక్కను ధరించి, ఒక కాలు పొట్టిదైన స్టూలును గజేంద్రమువలె అధిరోహించి, శత్రువును కాలుపట్టి ఊడదీసి, ఆ వీరుడిట్లు గర్జించెను:

"ఓ నల్లకాళ్ల బుగ్గా! నీకేం తక్కువ చేసినే? టీకి పోతే ఆర్పిన. నమాజుకు పోతే ఆర్పిన. గిరాకీతోని రెండు మాటలు మాట్లాడాల్నన్నా ఆర్పిన! దినాం నలభై సార్లు నీకు రెస్టు ఇచ్చిన. గసొంటి నన్ను గుడ్డోణ్ణి చేస్తవా? ఇయ్యాల నువ్వన్న తెల్లగ గావాలె, నేనన్న దుకాణం దిగాలె!"

రుద్దాడు. బూడిద రాలింది, నిమ్మరసం మోచేతి దాకా కారింది. గాజు అద్దంలా తళతళలాడింది. నలుపు నలుపుగానే ఉంది.

"అబ్బా, దిగు, పడతవ్!" అంటూ వచ్చింది కూతురు మెహర్. ఖమ్మంలో ఐటీఐ చదివి, చుట్టుపక్కల పొలాల మోటార్లన్నీ బాగుచేసే పిల్ల. బుగ్గ చేతిలోకి తీసుకుని చూసి నవ్వింది. "నువ్వు బయట తోముతున్నవ్. మసి లోపలున్నది."

"లోపలికి పొగ ఎట్ల పోయింది?"

"పొగ గాదు. ఈ రెండు చివర్ల సన్నతీగెలుంటయ్. వాటికి ఒక మందు పూస్తరు. స్విచ్ ఏసినప్పుడల్లా గా మందు ఇంత ఎగిరి గాజుకు అంటుకుంటది. అదే ఈ నలుపు. లోపలి తెల్లపొడి గూడ ముసల్దయితది, పాదరసం ఆ పొడికి, గాజుకు పట్టేస్తది. అందుకే వెలుగు తగ్గుతది. ఊకె వేసి ఆర్పితే ఇంకా జల్దీ. నువ్విచ్చిన రెస్టే దాన్ని తినేసింది అబ్బా!"

ముస్తకీమ్ నిమ్మచెక్క కింద పెట్టాడు. "మరి డబ్బా మీద ఎందుకు రాయలే?"

"రాస్తే ఎవడు కొంటడు?"

అంతలో ప్యాంటు కోసం వెంకటప్పయ్య వచ్చాడు, వెనకే ఖాలిద్. ముస్తకీమ్ పాతబుగ్గనే మళ్లీ బిగించి వెలిగించి, బల్ల మీద రెండు దారపు రీళ్లు పెట్టాడు.

"వెంకటప్పయ్య గారూ, మీ కండ్లు మంచియే గదా. ఈ రెంట్ల నీలందేదో తీయుండ్రి."

"అదెంత పనయ్యా!" అని ఆయన మీసం దువ్వి ఒకటి అందుకున్నాడు. మెహర్ ఆయనను గడప అవతలికి, పగటి వెలుగులోకి తీసుకుపోయింది.

రీలు నల్లగా ఉంది. కాకి సిగ్గుపడేంత నల్లగా.

"ఓరి దీని దుంపతెగ!" అన్నాడు వెంకటప్పయ్య.

"ఇగ నువ్వు తీయి భయ్యా," అంది మెహర్, రీళ్లను మళ్లీ బల్ల మీద కలిపేస్తూ. ఖాలిద్ రెండు రీళ్లనూ చూశాడు. చెయ్యి మాత్రం చాపలేదు.

బుగ్గ ఓడింది. కానీ కళ్లు గెలవాలి కదా! మెహర్ సంచిలోంచి కొత్త ఎల్‌ఈడీ తీసి పెట్టింది. తటాలున గుహ అంతా తెల్లవారింది. ముస్తకీమ్ నీలపురీలును తడుముకోకుండా తీశాడు. సూదిని పైకెత్తాడు. దారపు కొనను నాలుకతో తడిపి, ఆవగింజలో అరవయ్యో వంతైన ఆ కోటద్వారం మీదికి పంపాడు. తప్పింది. ఖాలిద్ గొంతు సవరించుకున్నాడు. వీరుడు ఊపిరి బిగబట్టాడు. టీకొట్టులో గ్లాసులు సైతం గలగల మానినవి. రెండవమారు నీలదార మహాసైన్యము కోటలో ప్రవేశించి ఆవలివైపున జెండా ఎగురవేసెను! జయము! సూదిబెజ్జపు విజేతకు దిగ్విజయము!

ఖాలిద్ తలవంచుకుని, జేబులోని టేపు తీసి తండ్రి మెడలో వేశాడు.

"నా ప్యాంటు ఎప్పుడిస్తావయ్యా మరి?" అడిగాడు వెంకటప్పయ్య.

"శుక్రవారం," అన్నాడు ముస్తకీమ్, కొడుకు వంక చూస్తూ.

కనుక మహాప్రభువులారా, ఎన్ని గంటలో కాదు, ఎన్నిసార్లు వేసి ఆర్పితే చస్తుందో పెట్టె మీద రాయండి. చచ్చినవాటిని విషమైన పాదరసంతో సహా మీరే వచ్చి పట్టుకుపోండి. మెహర్ కాగితంలో చుట్టిన బుగ్గ మిషను కింద అట్టపెట్టెలో ఉంది. మురుగు మోరీలో వేయం, చెత్తలో కాల్చం. ఎప్పుడొస్తారో ఇప్పుడే చెప్పండి!