మోమోస్తెనాంగో బస్సులో అర్ధాసన విజయము

మీరే! అవును, మిమ్మల్నే. ఎక్కడో ఉత్తరాన, వెచ్చటి గదిలో, మెత్తటి కుర్చీలో రెండు పిర్రలూ పూర్తిగా ఆనించి కూర్చుని, ఏడేళ్ళ బడిపిల్లల నడుములకు టేపు పెట్టి కొలిచి, "ఈ బెంచీకి ముగ్గురు" అని కాగితం మీద రాసిన ఇంజనీర్లలారా! ఆ బడి బస్సులు ముసలివై మీ రోడ్లకి పనికిరావని తోలేస్తే కొనుక్కొచ్చి, ఎరుపూ పచ్చా రంగులేసి, నుదుటి మీద "దేవుడే నా డ్రైవరు" అని రాయించి, బెంచీని మాత్రం ఒక్క అంగుళం పెంచకుండా, ఆ "ముగ్గురు" అన్న మాటని వేదవాక్కులా పట్టుకు వేలాడుతున్న బస్సు యజమానులారా! ముగ్గురు అన్నారు, సరే. ఏ ముగ్గురు? ఆ మూడో మనిషి సగం శరీరం గాల్లో ఉంటుందని మీ కాగితాల్లో ఎక్కడైనా రాసుందా? లేదు. కాబట్టి ఆ మూడో మనిషి కథ చెప్పాల్సి వస్తోంది. నోరు మూసుకుని వినండి.

సాంతా మరియా అగ్నిపర్వత శిఖరాగ్రమున బాలభానుని అరుణకిరణములు కుంకుమరేఖలై ప్రసరించుచుండగా, షేలా పట్టణపు బస్సుల అడ్డాలో శతాధిక డీజిల్ యంత్రముల గర్జనలు ప్రళయమేఘనిర్ఘోషములై దిక్కులు పిక్కటిల్లజేయుచుండగా, మొక్కజొన్న కుడుముల గంపలనుండి ఆవిరులు హోమధూమమువలె నింగికెగయుచుండగా, నవంబరు మాసపు రెండవ ఆదివారమున, ఉదయం ఆరున్నరకు, ఆజానుబాహుడును, సాలవృక్షసమున్నతుడును, పింగళకేశుడును, నలభై ఎనిమిదో నంబరు బూట్లవాడును, స్పానిష్ భాషాభ్యాసార్థమై సముద్రములు దాటివచ్చిన హాలండు దేశీయుడునగు యెల్లె అను విద్యార్థి, మోమోస్తెనాంగో సంతకు పోవు బస్సు మెట్టుపై తన దక్షిణపాదము మోపెను.

పొడుగన్నమాట. ఆరడుగుల ఆరంగుళాలు. మామూలు వీరగాథల్లో ఇది వరం. ఏడేళ్ళ పిల్లల బెంచీ మీద ఇది శాపం. మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

అయినా అతడు వచ్చినది వనవిహారమునకు కాదు, సంతలో కంబళ్ళు బేరమాడుటకు కాదు. తోటి విద్యార్థులందరూ శనాదివారాలొస్తే సరస్సుల్లో ఈదుతూ, కొండలెక్కుతూ ఫొటోలు దిగుతుంటే, ఇతడు వచ్చింది పోయిన పరువును తిరిగి తెచ్చుకోవడానికి.

పరువు ఎలా పోయిందంటే, పోయిన ఆదివారం ఇదే బస్సులో, ఇదే బెంచీ చివర, మూడో మనిషిగా కూర్చున్నాడు. నడవకి అవతలి బెంచీ చివర ఆ వైపు మూడో మనిషి, దోన్యా ఎవారిస్తా. (దోన్యా అంటే మా దగ్గర అమ్మగారు, దోన్ అంటే అయ్యగారు.) మా బస్సుల్లో మూడో మనుషులు ఇద్దరూ నడవ మీదుగా ఒకరి భుజానికి ఒకరు భుజం ఆనించి కూర్చుంటారు. రెండు పేకముక్కలు ఒకదానికొకటి వాలి నిలబడ్డట్టు. బెంచీ మోసేది సగం, అవతలి భుజం మోసేది సగం. ఈ సంగతి పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. భాష నేర్పే బడిలో మాత్రం చెప్పరు.

అంతలో ఒక ముసలాయన ఎక్కాడు. మన వీరుడికి అమ్మ నేర్పిన మర్యాద గుర్తొచ్చింది. తటాలున లేచి, "కూర్చోండి తాతా" అన్నాడు.

ఆహా! ఆ క్షణమున ఏమి జరిగెనని చెప్పుదును! ఆధారస్తంభము విరిగిన గోపురమువలె, మూలము తెగిన మహావృక్షమువలె, దోన్యా ఎవారిస్తా నడవలోకి పక్కకు కూలెను. ఆమె ఒడిలోని తట్ట ఎగిరెను. ఆ తట్టలో ఉన్నవి గుడ్డు తెల్లసొన, పంచదార కలిపి గిలకొట్టి చేసిన గులాబీ రంగు నురుగు మిఠాయిలు. గట్టిగా ఊపిరి వదిలితే పగిలే సరుకు. రెండు రోజుల కష్టం రెండు క్షణాల్లో గులాబీ ధూళి అయి, బస్సులో అందరి ముక్కుల్లోకి పోయింది. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ పొడిని శాలువా కొంగులోకి ఎత్తుకుంటూ, "పోనీలే నాయనా, పావురాలు తింటాయి" అంది.

ఆ వార్త యెల్లె కంటే ముందు ఇల్లు చేరింది. అతనికి భోజనం పెట్టి గది ఇచ్చిన దోన్యా త్రాన్సితో అనే ఇంటావిడ, నల్ల చిక్కుళ్ళు వడ్డిస్తూ, "మర్యాద చేశావట కదా బస్సులో?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాడు తల వంచుకుని.

"ఇంకెప్పుడూ అంత మర్యాద చెయ్యకు నాయనా. జనం చచ్చిపోతారు."

వారం రోజులు ఆ ఇంట్లో ఎవరు కుర్చీలోంచి లేచినా, పక్కవాళ్ళు బల్ల గట్టిగా పట్టుకుని "బాబోయ్, పడిపోతున్నా!" అని నవ్వారు. అప్పుడు చేశాడు శపథం. అదే బస్సు ఎక్కుతా, ఆ తల్లి పక్కనే కూర్చుంటా, మోమోస్తెనాంగో వచ్చేదాకా లేవను. భూమి బద్దలైనా లేవను.

"మోమో! మోమో! మోమోకి ఎవరు?" బస్సు తలుపుకి వేలాడుతూ అరుస్తున్నాడు కండక్టర్ రుఫీనో. యాభై ఏళ్ళవాడు, డోలు లాంటి పొట్ట. "రండి రండి! లోపల డాన్సు చెయ్యొచ్చు, అంత ఖాళీ!"

లోపల చీమ దూరే సందు లేదు.

దోన్యా ఎవారిస్తా అప్పటికే అవతలి బెంచీ చివర ఉంది. ఒడిలో రెండు తట్టలు, ఒకదాని మీద ఒకటి, మీద గుడ్డ కట్టి. యెల్లెని చూడగానే ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుంది.

"రుఫీనో! నన్ను ఇంకో బెంచీకి మార్చు."

"ఇంకో బెంచీ ఎక్కడిది ఎవారిస్తమ్మా? మా అత్తగారింటి నుంచి తేవాలా?"

"ఈవేళ సంతకి కాదయ్యా, పదింటికి బాప్తిజం విందుకి ఆర్డరు. ఇవి కూడా పిండి అయితే ఇంక నా చేతి మిఠాయి ఎవరు అడుగుతారు?" యెల్లె వైపు తిరిగింది. "ఏం నాయనా, లేస్తావా?"

"లేవను."

"ముసలివాళ్ళొస్తే?"

"లేవను."

"నొప్పులు పడుతూ ఎవరన్నా వస్తే?"

పాపం, ఇక్కడ కాస్త ఆలోచించాడు. చెమట పట్టింది. "లేవను" అన్నాడు చివరికి, నీరసంగా.

"అలా ఉండాలి. ఆను భుజం."

ఆనించెను. కిటికీ వైపు కంబళ్ళ వ్యాపారి దోన్ బెర్నబే, మధ్యన ఆయన సతీమణి, ఇరువురును స్థూలకాయులు, ఇరువురును సుఖనిద్రాపరవశులు. వారి మహావిస్తారములు పోగా మిగిలిన భూభాగము నాలుగు వేళ్ళ వెడల్పు. ఆ చతురంగుళక్షేత్రమున వామనితంబమును ప్రతిష్ఠించి, దక్షిణనితంబమును శూన్యాకాశమునకు సమర్పించి, మహావీరుడు అర్ధాసనాసీనుడయ్యెను. స్వర్గంలో గొప్ప గొప్ప వీరులకి అర్ధసింహాసనం ఇచ్చి గౌరవిస్తారని చెబుతారు కదా. అక్కడ సగమిస్తే గౌరవం, ఇక్కడ సగమిస్తే నడుం నొప్పి. పైన కూడా ఇలాంటి బెంచీయే అయితే ఎవడికి కావాలి ఆ స్వర్గం?

బస్సు కదిలెను. నాలుగు దారుల కూడలి వద్ద సారథి వేగము తగ్గించక చక్రము త్రిప్పగా, అరవైమంది దేహభారము ఒక్క కెరటమై ఎడమకు పొర్లి, ఆ కెరటపు శిఖరమంతయు దోన్యా ఎవారిస్తా భుజముద్వారా యెల్లె భుజమున పిడుగై పడెను. అతడు పళ్ళు బిగించెను. నలభై ఎనిమిదో నంబరు బూటును ముందు బెంచీ కాలికి తన్నిపట్టెను. ఎముకలు కటకటలాడెను. వంతెన నిలిచెను.

"తట్ట ఎలా ఉంది అమ్మా?" అడిగాడు, ఊపిరి అందక.

"తట్ట బాగుంది. నువ్వు మాట్లాడకు. ఆను."

పిమ్మట రుఫీనో టికెట్లకని నడవలోకి దిగెను. వట్టి గాలికే చోటు లేని ఆ భుజసేతువు మీదుగా, "ఊపిరి బిగపట్టండి, ఓడ వస్తోంది!" అని కేకలిడుచు, తన డోలు పొట్టను ఇరువురి తలలపై దొర్లించుచు దాటిపోయెను. యెల్లె ముక్కు ఒక చొక్కా గుండీ కింద నలిగింది. లేవలేదు. ఆ పిదప తిమ్మిరి అను గూఢచారి ఎడమ మడమనుండి బయలుదేరి, పిక్క దాటి, తొడ నాక్రమించి, చీమలదండును వెంటబెట్టుకుని నడుము వరకు దండయాత్ర సాగించెను. కాలు తనదో, దోన్ బెర్నబేదో తెలియలేదు. అయినా లేవలేదు.

కానీ అసలు శత్రువు ఇంకా రాలేదు.

కొండ ఎక్కుతుండగా ఒక మలుపు దగ్గర బస్సు ఆగింది. ఎనభై ఏళ్ళ అవ్వ ఎక్కింది. వంగిన నడుము. చంకలో ఒక టర్కీ కోడి, బతికే ఉంది, కోపంగా ఉంది. అవ్వ ఈదుకుంటూ వచ్చి, సరిగ్గా యెల్లె ముందు ఆగి, కిందికి చూసింది.

అప్పుడు అతని అంతరంగమున మర్యాద అను మహారాక్షసి జుట్టు విరబోసుకుని లేచెను. "లే! ఛీ, లే! ముదుసలి నిలిచియుండగా కూర్చున్న మొగవాడా, నీ తల్లి నిన్నిందుకేనా పెంచినది?" అని కర్ణపుటములు పగులునట్లు గద్దించెను. మోకాళ్ళు వాటంతటవే లేవబోయెను. అతడు వాటిని రెండు చేతులతో అదిమిపట్టి మనస్సులోనే ఇట్లు ప్రత్యుత్తరమిచ్చెను: "ఓసి మర్యాదా! గడచిన ఆదివారము నీ మాట విని ఒక కష్టజీవి శ్రమను ధూళి గావించితిని. నిలుచుండుట వీరత్వమని లోకము పొగడనిమ్ము. నేడు కూర్చుండుటయే నా వీరత్వము! ఈ భుజము నాది కాదు. ఇది అవతలి బెంచీ యొక్క నాలుగవ కాలు! కాలు లేచిపోయిన బెంచీని ఎవడు చూచెను? పో, నా యెదుట నిలువకుము!"

ఇదంతా లోపల. బయటకి, వచ్చిన స్పానిష్‌లో, నోట్లోంచి ఊడిపడింది మాత్రం: "అవ్వా. క్షమించు. లేవను. మిఠాయి."

బస్సంతా మెడలు చాచింది.

"నిన్నెవరు లేవమన్నారురా?" అంది అవ్వ. "నువ్వు లేస్తే ఈవిడ పడదూ? ఆ మాత్రం తెలీదా నాకు? చేతులు ఖాళీగా ఉన్నాయి కదా, ఇదిగో, దీన్ని పట్టుకో."

టర్కీ కోడి ఒళ్ళో పడింది. మోకాళ్ళు గడ్డం దగ్గర ఉన్నాయి కాబట్టి ఆ పక్షీంద్రము, వీరుడు సరిగ్గా ముఖాముఖి అయ్యారు. రక్తవర్ణ గళచర్మమును ఊపుచు అది అతని కనుబొమను ఒకమారు, చుబుకమును రెండుమార్లు పొడిచెను. అతడు చలింపలేదు. తుమ్మొచ్చింది. మింగేశాడు.

కొండమీది మా సాన్ ఫ్రాన్సిస్కో ఊరు (ఆ పేరున్న పెద్ద నగరం కాదు) చేరేసరికి మరో పరీక్ష. దోన్ బెర్నబే, ఆయన భార్య నిద్ర లేచి, ఒళ్ళు విరుచుకుని, అతని మోకాళ్ళ మీదుగా దాటి దిగిపోయారు. ఆహా, బెంచీ! మొత్తం బెంచీ! అవ్వ అతని మోకాళ్ళ మీదుగా పాకి కిటికీ దగ్గర చతికిలబడి, కోడిని తీసుకుంది. మధ్యలో చోటు ఖాళీగా మిగిలింది. చిరిగిన ఆకుపచ్చ రెక్సిన్ ఉదయకాంతిలో మరకతశిలవలె మెరయుచు, "రా ప్రియా, నీ దక్షిణనితంబము ఇంకెంతకాలము అనాథగా వ్రేలాడును?" అని పిలుచుచున్నట్లుండెను.

"జరుగు పొడుగు బాబూ!" అరిచాడు రుఫీనో. "ఖాళీ కనపడట్లా?"

యెల్లె అటు చూశాడు. ఇటు చూశాడు. అవతలి బెంచీ మీద ఇంకా ముగ్గురు. దోన్యా ఎవారిస్తా తట్టల మీద చేతులు బిగించింది. ఎదురుగా పైన్ చెట్ల అడవిలోకి దిగే మలుపులు, పాములా మెలికలు తిరిగిన దారి.

జరగలేదు.

పక్కన పూర్తి చోటు పెట్టుకుని, అంచు మీద సగం కూర్చుని, అవతలి భుజానికి ఆనుకునే ఉన్నాడు. వెనకెవరో అన్నారు: "పిచ్చోడా ఏంటి?"

"పిచ్చి కాదు" అంది దోన్యా ఎవారిస్తా, వెనక్కి తిరగకుండానే. "నేర్చుకున్నాడు."

మలుపులు వచ్చెను. బస్సు కుడికి వాలెను, ఎడమకు వాలెను, ఒకసారి ఎటు వాలెనో ఎవరికీ తెలియలేదు. నడవలో ఒక గుమ్మడికాయ అటూ ఇటూ దొర్లెను. రెండు భుజములు మాత్రం అతుకు పెట్టిన ఇనుములవలె కదలలేదు. ఊరి ముందు వంతెన దగ్గర అవతలి బెంచీ కిటికీ మనిషి దిగాడు, మధ్య మనిషి కిటికీ దగ్గరకి జరిగాడు. అప్పుడు దోన్యా ఎవారిస్తా గొంతు సవరించుకుంది.

"ఇటు నాయనా. మూడు లెక్కపెడతా. మూడుకి నువ్వు అటు, నేను ఇటు. ముందు నువ్వు జరిగావో, చంపేస్తా."

"సరే అమ్మా."

"ఒకటి. రెండు. మూడు!"

జరిగిరి! ఏకకాలమున, రెప్పపాటున! విజయదుందుభులు మ్రోయుగాక! హాలండు వీరుని దక్షిణనితంబము గంట నలభై నిమిషముల వనవాసానంతరము రెక్సిన్ భూమిని స్పృశించెను! వంతెన నుండి సంత చౌకు వరకు, ముక్కు చీదుకునేంత సేపు, అతడు రెండింటిపైనా కూర్చుండెను! పూర్ణాసనుడు! పూర్ణాసనుడు! అవ్వ నవ్వింది. కోడి కూడా పొడవలేదు.

చౌకులో దిగి గుడ్డ విప్పారు. రెండు తట్టల్లో గులాబీ గోపురాలు వరసలు వరసలుగా నిలబడే ఉన్నాయి. ఒక్కటి మాత్రం నడిమికి చీలింది. దోన్యా ఎవారిస్తా దాన్ని తీసి, సగం తను నోట్లో వేసుకుని, సగం అతని చేతిలో పెట్టింది.

"సాయంత్రం నాలుగింటి బస్సుకి వెళ్తున్నా" అంది. "ఆ భుజం నాకుంచు."

కుంటుకుంటూ తల ఊపాడు.

ఇక మీ సంగతి, ఇంజనీర్లలారా, యజమానులారా. కథ విన్నారు. చప్పట్లు వద్దు. బెత్తెడు. మేమడుగుతున్నది బెంచీకి ఒక్క బెత్తెడు చెక్క, దాని మీద ఒక ముక్క రెక్సిన్, నాలుగు మేకులు. అది కుదరదా? అయితే వచ్చే ఆదివారం ఆరున్నరకి మీరే రండి. కొలతల టేపు ఇంట్లో పెట్టి రండి. ఇద్దరూ చెరో బెంచీ చివర, మూడో మనుషులుగా, భుజానికి భుజం ఆనించి, ఒళ్ళో నురుగు మిఠాయి పెట్టుకుని, మోమోస్తెనాంగో దాకా కూర్చోండి. లేస్తే ఒప్పుకోం. దిగాక ఆ తట్ట విప్పి అందరి ముందూ చూపించండి. ఆ తరవాత సుత్తి ఎక్కడుందో మేమే చెబుతాం.