పఠనమందిరంలో పవళించిన సీసాలు

సూర్యాపేటలో చదువు బాగుపడాలంటే జనం ఇంకా ఎక్కువ తాగాలి! కల్లు కాదు సుమా. కల్లు తాగితే మనిషి చెడిపోతాడని పెద్దలు ఎలాగూ చెబుతారు. నేను చెప్పేది విలాయతి ద్రాక్షసారా, అంటే వైను సంగతి. అది తాగితే మనిషి చెడిపోడు, సంఘ సభ్యుడవుతాడు.

మా సంఘం పేరు మీరు వినే ఉంటారు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ద్రాక్షాసవ రసజ్ఞ సంఘం. పూర్తిగా పలికేసరికి ఎవరికైనా నోరెండుతుంది. అందుకే అంత పొడుగ్గా పెట్టాం.

దీని పుట్టుకే ఒక పుణ్యకార్యం. నిరుడు దసరా నాటికి సరిహద్దు అవతల మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చిపడింది. అక్కడ జనార్దన్ గారనే పెద్దమనిషి ఇంట్లో ఎటు చూసినా వైను సీసాలే. పారబోయడానికి మనసు రాలేదు, ఉంచుకోవడానికి ధైర్యం చాలలేదు. బండ్లకెత్తి, పైన గడ్డి కప్పి, కోదాడ మీదుగా మా ఊరి వకీలు జగదీశ్ గారికి పంపించారు. జగదీశ్ గారు ఆయనకు స్వయానా బావమరిది. బావగారి సొత్తు నేలపాలు చేయడం ధర్మమేనా? అలా సంఘం పుట్టింది.

సీసాలకు చల్లని, చీకటి గది కావాలి. మా ఊళ్లో అలాంటి రాతిగోడల గది పఠనమందిరం ఒక్కటే. ఏళ్ల తరబడి మూతపడ్డ దాని తలుపులు పోలీసు చర్య తర్వాతే తెరుచుకున్నాయి. మిషన్ బడి టీచరు రూతమ్మ గారు సాయంత్రాలు అక్కడ కూలికి పోయే ఆడవాళ్లకు చదువు చెబుతుండేవారు. జగదీశ్ గారు నాలుగు రోజులకని గది అడిగి తీసుకున్నారు. పుస్తకాలు అల్మారాలు దిగి వరండాలోకి నడిచాయి. సీసాలు వచ్చి వాటి చోట పడుకున్నాయి. వైను సీసా ఎప్పుడూ పడుకునే ఉండాలట, నిలబడితే బిరడా ఎండిపోతుందట.

బయట పుస్తకాలు ఎండిపోతున్నాయని రూతమ్మ గారు మొరపెట్టుకుంటే ఆయన శాంతంగా సెలవిచ్చారు. "ఎండనీయమ్మా. ఏదైనా జర ముదిరితేనే మంచిగుంటది."

ఇక మా రుచి సభలు చూసి తీరాలి. వైను పుక్కిట పట్టి, కళ్లు మూసుకుని, రుచి చెప్పి, పాన్ ఉమ్మే ఉగాల్దాన్‌లో ఉమ్మేయాలి. మింగకూడదు! ఎప్పుడో సికింద్రాబాదులో ఒక దొర అలా చేయగా జగదీశ్ గారు కిటికీలోంచి చూశారట. మిర్యాలగూడ రైసు మిల్లు యజమాని రామనర్సయ్య గారు మొదటిరోజు అలవాటు కొద్దీ తొలి చుక్కలు ఎల్లమ్మ తల్లికంటూ నేల మీదికి సాక పోశారు. అవి నేరుగా జగదీశ్ గారి తివాచీ మీద పడ్డాయి.

"తల్లికి పోసినంక ఉమ్ముడేంది? తప్పు గాదా?" అని ఆయన గడగడా మింగేశారు. ఆ నేరానికి ఆ పూట ఆయనకు రెండో గ్లాసు అందలేదు.

ఆ తర్వాత విందు. మాంసానికి ఎర్ర వైను, చేపకు తెల్ల వైను అన్నంతవరకు మాకు పేచీ లేదు. పచ్చిపులుసుకు ఏది? దీని మీద కోదాడ సభ్యులకూ మిర్యాలగూడ సభ్యులకూ ఇప్పటికీ మాటల్లేవు. ఇలాంటి చర్చ లేక కదా మన ప్రాంతం ఇన్నాళ్లూ వెనకబడింది!

చలి పోయి ఎండలు ముదిరాక రూతమ్మ గారు మళ్లీ వచ్చారు. వానలు పడితే వరండాలోని పుస్తకాలు ఒక్కటీ మిగలవని ఆమె బెంగ. జగదీశ్ గారు అందరి ముందూ మాటిచ్చారు. "సీసలు ఖతం గాంగనే గది మీదే."

ఉమ్ముతూ కూర్చుంటే సీసాలు ఎన్నటికి ఖతమవుతాయి?

రూతమ్మ గారి దగ్గర అక్షరాలు దిద్దే బుచ్చమ్మ కూడా వెంట వచ్చింది, అక్కడే దారి చెప్పింది. "మా ఆడోళ్లను లోపటికి పంపున్రి. పొద్దుగూకే యాళ్లకు ఒక్క సీస మిగలదు."

"గది కోసం మీకు తాగుడు నేర్పి, యేసయ్యకు నేనేం జవాబు చెప్పాలె?" అన్నారు రూతమ్మ గారు.

"తాగుడు మాకొకరు నేర్పాల్నా పంతులమ్మా? మాకు రానియి అచ్చరాలే గద."

నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆనాటి నుంచి నేను ఉమ్మడం మానేశాను. పుల్లగా, వగరుగా ఉండే ఆ ద్రవాన్ని స్త్రీవిద్య కోసం మింగాను. రామనర్సయ్య గారిని కూడా మింగమని చాటుగా ప్రోత్సహించాను. ఇంటికి వెళ్లి ఈ త్యాగం మా ఆవిడ కమలకు చెబితే ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "సదువు కోసం తాగొచ్చిన్రా? మరి పరీచ్చలెప్పుడు?"

పరీక్ష కిందటి వారమే అయింది. ఆఖరి సీసా ఖాళీ కాగానే నేనే లేచి గది మాట ఎత్తాను. జగదీశ్ గారు నా అమాయకత్వానికి జాలిపడ్డారు.

"గది ఇస్తే గీ ఖాళీ సీసలేడ పెట్టాలె? సంఘానికి గుర్తులు గావా?"

నాకు ఒళ్లు మండింది. అయినా చప్పట్లు కొట్టాను. సంఘాన్ని పొగుడుతూ పత్రికకు రాస్తానన్నాను, ఈసారి విందు మా ఇంట్లోనే అన్నాను. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. విందు ఎవరింట్లో అయితే, గ్లాసులు తెచ్చుకోవడానికి గది తాళంచెవి వారి చేతికిస్తారు.

ఆ విందు ఈ సాయంత్రమే. వైను లేదు కనుక మోతె నుంచి తాటికల్లు తెప్పించాను, కమల నాటుకోడి వండుతోంది. సంఘం పుట్టాక మొట్టమొదటిసారి మూడు ఊళ్ల సభ్యులూ ఒక్కరు తప్పకుండా వస్తామన్నారు. ఉగాల్దాన్ అక్కర్లేదని కూడా కబురు పెట్టారు.

నేను రాస్తానన్న పొగడ్త ఇదే. ఇది అచ్చయిన పత్రిక సాయంత్రం బస్సుకు సూర్యాపేట చేరుతుంది. అప్పటికి సభ్యులంతా మా ఇంట్లో విస్తళ్ల ముందు కూర్చుని ఉంటారు. తాళంచెవి రూతమ్మ గారి చేతిలో ఉంటుంది. బుచ్చమ్మ, తోటి ఆడవాళ్లు పుస్తకాలు లోపలికి మోస్తుంటారు.

జగదీశ్ గారు కంగారుపడి విస్తరి ముందు నుంచి లేవనక్కర్లేదు. సీసాలన్నీ వరండాలో భద్రంగా పడుకునే ఉంటాయి. జర ముదిరితేనే మంచిదని సెలవిచ్చింది వారే కదా.